గజం లెక్కన నీడ

బెర్లిన్ శివార్లలో, వైసెన్‌సేలో ఒక గాజు షెడ్డు.
కరెంటు కోటా నెల మధ్యలోనే అయిపోతుంది.
వెలుగు కొనలేక
చీకటిని చేత్తో పూస్తున్నాం.
గజం లెక్కన నాకు కూలి.

యుద్ధంలోనూ నా చేతిలో ఇదే కుంచె.
ఫిరంగుల మీద కప్పే గుడ్డలకి
ఆకు రంగూ మట్టి రంగూ పూసేదాన్ని,
ఉన్నది లేనట్టు కనపడాలని.
ఇప్పుడు పని తిరగబడింది.
లేని దీపానికి నీడ గీస్తాను.
లేని మనిషికి కూడా.

"గోడెందుకు నిటారుగా ఉంది?"
సెట్టు మేస్త్రి క్రాన్‌షాగెన్ కేకలు.
"ఈ ఊళ్లో నిటారుగా ఉన్నదేదైనా ఒకటి చూపించు!"
చూపించలేను.
మా వీధి చివర పత్రికాఫీసు గోడకి
జనవరి నాటి తూటా గుంతలు అలాగే ఉన్నాయి,
పిల్లలు వాటిల్లో గోళీలు దాచుకుంటారు.
సరే, కిటికీని వంకరగా కోశాం.
తలుపు కింద వెడల్పు, పైన సన్నం:
లోపలికి రావచ్చు,
తలెత్తుకుని కాదు.

గుడ్డని చట్రానికి అంటించే గంజి
గోధుమపిండితో కాచేవాళ్లు.
టర్నిప్ దుంపల చలికాలం దాటి వచ్చినవాళ్లం,
మొదటివారం తెల్లారేసరికి డబ్బా ఖాళీ.
ఎవరు తాగారని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు, నాకు తెలుసు కనక.
రెండోవారం నుంచి అందులో కిరసనాయిలు కలిపారు.
ఆ వాసన తెర మీదికి రాదు.
రావాల్సింది.

జనం సీనుకి ముప్ఫై మంది కావాలన్నారు,
గేటు దగ్గర మూడొందల మంది.
కట్టెకాళ్లవాళ్లని ముందు వరసకి తీసుకున్నారు.
వాళ్లలో లేబెరెక్ట్ ఊల్మర్ అని ఒకతను,
వెర్దూన్ బురదలో రెండు పగళ్లు
బతికుండగానే పూడిపోయినవాడట.
నిలబడితే వణుకు, కూర్చుంటే వణుకు.
వేసిన అడుగు వేసినచోట పడదు.
ఆ వణుకు కోసమే తెచ్చారతన్ని,
పూటకి ఒక గిన్నె సూపు అదనం.

ఏటవాలుగా వేసిన మా చెక్క నేల మీద
పేరున్న నటులు జారారు,
బూట్ల అడుగున సుద్ద రుద్దుకుని మళ్లీ జారారు.
లేబెరెక్ట్ మాత్రం
మంచం దిగి నీళ్లకి వెళ్లినంత తేలిగ్గా
ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేశాడు.
చేతులు కూడా కదలకుండా.
చివర ఆగి, తన వేళ్లకేసి చూసుకున్నాడు
ఎవరివో అన్నట్టు.

"వణకవయ్యా!" అన్నాడు దర్శకుడు.
వణకలేకపోయాడు.
"మళ్లీ."
రాలేదు.
కెమెరా చేతిపిడి తిప్పేవాడు లెక్క మరిచిపోయాడు.
ఇన్నాళ్లూ తప్పు నేలదేనేమో అని
నాకు ఒక్క క్షణం అనిపించింది.

మధ్యాహ్నానికి అతని పేరు కొట్టేశారు.
గేటు దాటి రోడ్డెక్కాడు, చదునైన రోడ్డు.
అక్కడ మళ్లీ మొదలైంది, భుజం నుంచి.

అతని కోసం గీసిన నీడ మాత్రం
అప్పటికే గోడ మీద ఆరిపోయింది.
చెరిపితే ఇంకో రోజు కూలి ఇవ్వాలి.
ఉండనిమ్మన్నారు.

మూడేళ్ల తర్వాత నోయ్‌కెల్న్‌లో
పాత బొమ్మలాడే హాలుకి వెళ్లాను.
నోట్ల కట్టలు తూకానికి కూడా పనికిరాని రోజులు,
టిక్కెట్టుకి రెండు బొగ్గు ముక్కలు.
సీసాలో నీళ్లు గడ్డకట్టే చలి.
పియానో ముసలాయన
వేళ్లులేని చేతితొడుగులతో వాయిస్తున్నాడు.

వచ్చిందా గోడ.
మనిషి లేడు, నీడ ఉంది,
ఒక భుజం కొంచెం దిగి.

పక్క సీట్లో ఆవిడ
నా మోచెయ్యి పట్టుకుంది, నేనెవరో తెలియకుండానే.
"మా ఎగోన్ ఇలాగే నిలబడేవాడు" అంది,
"అచ్చం ఇలాగే."

మసీ, జిగురూ, నాలుగున్నర గజాలు
అని చెప్పలేదు నేను.
ఆ నాలుగున్నరలో అర గజానికి
డబ్బు ఇప్పటికీ ఇవ్వలేదు వాళ్లు.